వాలుగ దవడ, ఏడు ఆటలు

వారానికి ఏడు రోజులున్నాయి కదా అని ఏడు ఆటలు మొదలుపెట్టాను. నా తెలివితక్కువతనాన్ని ఇంతకంటే క్లుప్తంగా చెప్పడం నాకు చేతకాదు. అప్పట్లో విజయనగరంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాణ్ణి. ఫోనులో ఆడుకునే చిన్న ఆటలు తయారుచేయడం నా సరదా. క్లాసుల టైంటేబుల్ పక్కనే నాదీ ఒకటి అంటించుకున్నాను: సోమవారం ఎస్.కోట ఘాట్‌రోడ్డు బస్సాట, శనివారం పడవాట, మధ్యలో ఇంకో నాలుగు. రోజుకొకటి ముట్టుకునేవాణ్ణి, ఏదీ తెమిలేది కాదు. ఆటవిడుపులకు లోటు లేదు, ఆటల విడుదలే లేదు.

ఏ ఆటైనా మొదటి వారమే బాగుండేది. తర్వాత వేళ్లు కీబోర్డు మీద తిరుగుతుండేవి, నేను మాత్రం అక్కడ ఉండేవాణ్ణి కాదు. విసుగూ కాదు, బాధా కాదు. పళ్ల డాక్టరు సూది వేశాక మన పెదవిని మనమే ముట్టుకుంటే ఎలా ఉంటుందో, అలా.

ఆదివారం ఆట మా మేనత్తది. ఆవిడ పొందూరులో నూలు వడుకుతుంది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్లకు నలకలన్నీ చిక్కుకుని పత్తి పొగలా తేలిపోతుంది. దాన్ని దువ్వడం, వత్తుల్లా ఏకులు చుట్టడం, రాట్నం మీద వడకడం, ఇదే ఆట. వేలు మెత్తగా జరిపితే దారం సాగుతుంది, తొందరపడితే తెగుతుంది. దీనికోసం అత్త మూడు ఆదివారాలు పని మానుకుని నా ఫోను ముందు కూర్చుంది.

"నా సెయ్యి అందులో కనిపిస్తాదేటిరా?"

"కనిపిస్తాది అత్తా."

"అయితే మా ఆడోల్లందరికీ సూపిస్తాను. ఎప్పుడవుద్ది?"

"నెల్లాళ్లు."

ఆ నెల ఏడాదిన్నర సాగింది. నా దారం ఆపాటి సాగి ఉంటే అత్త మెచ్చుకునేది.

రాట్నం చప్పుడు రికార్డు చేస్తున్న రోజునే ఆవిడ కొడుకు గుమ్మంలోంచి తల పెట్టాడు. విజయనగరంలో ఫోన్లు బాగుచేసే మా బావ. "ఏటి బావా, ఇంకా అవ్వలేదేటి?" రికార్డు పాడైంది. ఆ మాట మాత్రం అతని నోట్లో స్థిరపడిపోయింది. టీకొట్టు దగ్గర అదే, బస్సెక్కుతుంటే అదే, పెళ్లి భోజనంలో పప్పు వడ్డిస్తూ కూడా అదే.

చివరికి ఒక ఆదివారం చూపిస్తానని మాటిచ్చాను. అత్త తనతో వడికే వాళ్లందర్నీ అరుగు మీదికి పిలిచింది. ముందురోజు శనివారం. పడవ అలల మీంచి ఎగిరిపోతోందని దాని బరువు పెంచాను. పని తగ్గుతుందని ఏడు ఆటలకూ బరువు, కదలిక చూసే ఫైలు ఒక్కటే పెట్టుకున్న సంగతి నాకు గుర్తు రాలేదు.

పొందూరులో అత్త తెరమీద వేలు పెట్టింది. పత్తి దబ్బున కిందపడింది. మళ్లీ తీసింది, మళ్లీ పడింది.

"ఇది పత్తి కాదే, రాయి!" అందొకావిడ. అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు.

"నా సెయ్యి ఇలగ ఉంటాదేటిరా?" అని ఫోను నా చేతిలో పెట్టేసింది. "సేతిలో ఏకు అవ్వకుండా ఇంకోటి ముట్టుకోను నేను. నువ్వు ఏడు రాట్నాలేసుకుని కూకున్నావు."

సిగ్గుపడాల్సిన చోటని తెలుస్తూనే ఉంది. సిగ్గు రాలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని విజయనగరం దాకా దానికోసం ఎదురుచూశాను.

సోమవారం టైంటేబుల్ చింపేశాను. ఆరు ఆటల్నీ ఒక మూలకు నెట్టి, ఆదివారం ఆటకు దాని ఫైలు దానికిచ్చి, వారమంతా ఆదివారమే చేసుకున్నాను. ఉత్సాహం వచ్చిందని చెప్పను. తిమ్మిరెక్కిన చేతులతో కూడా పని జరుగుతుందని మాత్రం తెలిసింది. నాలుగు నెలలకు ఆట పూర్తయింది.

అదే అరుగు, అదే ఆడవాళ్లు. అత్త వేలు తెరను అసలు పత్తిని తాకినట్టే తాకింది. దారం సాగుతూనే ఉంది, ఒక్కసారీ తెగలేదు. ఫోను పక్కావిడకు తిప్పి చూపించి, "నా సెయ్యే," అంది. ఆ మధ్యాహ్నం చేపల కూర రెండోసారి అడిగి వేయించుకున్నాను. అదే సంతోషం కాబోలు అనుకున్నాను.

దారం తెగనందువల్ల ఆవిడకు తెలియని సంగతి ఒకటుంది. అది మా బావకు మర్నాడు తన కొట్లోనే తెలిసింది. పది మంది చూస్తుండగా ఆట తెరిచి, ఒక్క ఊపున వేలు లాగాడు. దారం తెగింది. ఫోనులోంచి అతని గొంతే పలికింది:

"ఏటి బావా, ఇంకా అవ్వలేదేటి?"

పాడైన ఆ రికార్డు నేను చెరపలేదు. పట్టుదలగా మళ్లీ ఆడాడు, మళ్లీ తెగింది, మళ్లీ అడిగింది. కొట్లో వాళ్లంతా పగలబడి నవ్వుతుంటే నాకు ఫోన్ చేశాడు.

"ఒరే బావా, ఆ మాట తీసీరా బాబూ!"

"తీస్తాను బావా," అన్నాను. "నెల్లాళ్లు పడతాది."