మా అమ్మ పాట

మా జాలరిపేటలో పాట అంటే గొంతెత్తి పాడేది కాదు. తెప్ప ఒడ్డుకి రాగానే చేపల్ని ఇసకలో పోసి, చుట్టూ ఆడోళ్లం మూగి, ఒకరి మీద ఒకరు రేటు పెంచుకుంటూ పోయే వేలం. ఈ చిన్న ముక్క తెలియక ఒకావిడ మా అమ్మని పిచ్చిదాన్ని చేసింది. తెలిసీ చెప్పకుండా నవ్వుకున్నది నేను. ఆవిడ మీద ఎంత రోతో, నా మీదా అంతే.

తొంభైల చివర్లో సంగతి. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టేసి గంపెత్తుకున్నదాన్ని. చదువు ఆగింది గానీ నోరు మాత్రం డిగ్రీ దాకా వెళ్లింది. అందుకేనేమో, మా ఆడోళ్ల మనసుల మీద పరిశోధన అంటూ దిగిన మేడమ్ తన మాట మాకు, మా మాట తనకి చెప్పడానికి నన్నే ఏరుకుంది. ముక్కుకి రుమాలు, చేతిలో కాయితాలు. ఆ ప్రశ్నలు ఏ దేశంలో పుట్టాయో గానీ తెలుగులోకి వచ్చేసరికి ప్రాణం పోయింది.

"ఇటీవల మీకు నిస్పృహ కలిగినదా?"

అమ్మ నా మొహం చూసింది. "నిస్పృహేటే? కొత్త సేపా?"

మొగుడు తాగుతాడా, తాగి కొడతాడా అని మేడమ్ అయిదు రకాలుగా అడిగింది. మా నాన్న చుక్క ముట్టడు. ఆ మాట చెబితే, దాస్తున్నామని రాసుకుంది.

ఆ రోజుల్లో మా అందరికీ ఉన్న గుబులు వేరు. మేము పాట పెట్టుకునే ఇసక జాగాకి లారీ వ్యాపారులు తాడు కట్టేశారు. ఇకనుంచి మగాళ్లే పాడతారంట, మేం గంపలు పట్టుకుని వెనక నిలబడాలంట. అమ్మ అదే చెప్పబోయింది.

"రాసుకో అమ్మా. పొద్దున్న లెగిసి పాట పాడితేనే నాను మనిసిని. పాట నేకపోతే నాకు పిచ్చెక్కిపోతాది. అది ఆగిపోకుండా సూడండి, సదూకున్నోళ్లు."

మేడమ్ కళ్లు మెరిశాయి. నా వైపు తిరిగింది. "ఎలాంటి పాటలు పాడతారు?"

అప్పుడు చెప్పాలి. ఒక్క మాట చాలు. నా నోటి దూల ఊరుకుంటుందా?

"వంజరం పాటైతే గొంతు సించుకుంటాది మేడమ్. నెత్తళ్ల పాటైతే మెల్లగా, జోలపాట లాగ."

ఖరీదైన వంజరానికీ చిల్లర నెత్తళ్లకీ వేలం తేడా తెలిసిన మా వదిన, వెనక నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"దుఃఖం వచ్చినప్పుడా?"

"సేపలొచ్చినప్పుడు."

అదీ రాసుకుంది.

కొన్నాళ్లకి ఊళ్లో పెద్ద హాల్లో మీటింగు. ఆఫీసర్లొస్తారంటే, తాడు సంగతి తేలిపోతుందని అమ్మ ఉతికిన చీర కట్టుకుని మరీ వచ్చింది. మేడమ్ మైకు ముందు చదివింది: ఒక మత్స్యకార మహిళ బాధ మరవడానికి చేపలకు పాటలు పాడుతుంది, పాట ఆపితే మతి చలిస్తుందని ఆమే ఒప్పుకుంది. కనుక పేటకి కౌన్సెలింగు, భజన బృందం అవసరం. చప్పట్లు.

అమ్మ లేచింది. "మరి మా ఇసక సంగతేటమ్మా? ఆ తాడు?"

"కూర్చోండమ్మా, మీకు నయమవుతుంది," అంది మేడమ్, పసిపిల్లని బుజ్జగించినట్టు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. చేపల కంపుకి రుమాలుంది. ఆ హాలు కంపుకి నా దగ్గర ఏమీ లేదు.

ఆటోలో అమ్మ ఒకే మాట అడిగింది. "పాటంటే ఏటో నువ్వెందుకు సెప్పనేదే?"

పుట్టి బుద్ధెరిగాక నాకు జోకు తట్టకపోవడం అదే మొదలు.

తాడు ఊడలేదు. హార్మోనియం మాత్రం వచ్చింది. ఉప్పుగాలికి తుప్పు పట్టింది.

అయిదారేళ్ల తరవాత పరిశోధన అంటూ ఇంకో పిల్ల వచ్చింది. ప్రశ్నల కాయితాల్లేవు, రుమాలు లేదు. మా ఇంటి ముందు ఇసకలో అమ్మ పక్కన చతికిలబడి, "ఏం రాయమంటావు పిన్నీ?" అంది.

"ముందు పాటంటే ఏటో రాయి. రాసి నాకు సదివి ఇనిపించు," అని, అమ్మ గడప దగ్గరున్న నన్ను చూపించింది. "దీన్ని మాత్రం అడక్కు. దీనికి అన్నీ నవ్వులాటే."