వెనక వరుసలో మా సారు

డిసెంబరు తొమ్మిది, శుక్రవారం. పొద్దున మంచు, ఎండ ఆలస్యంగా వచ్చింది. పొద్దటి పాలు పద్దెనిమిది లీటర్లు. పత్తిచెక్క నానబెట్టి, తౌడు కలిపి బర్రెలకు కుడితి పెట్టాను. చేతులు ఇంకా గోలెంలో ఉండగానే బార్కస్ నుంచి మెకానిక్ భాయ్ వచ్చాడు. సైకిలు దిగకుండా, ఒక కాలు నేల మీద ఆనించి చెప్పాడు, మన టైపు సారు తెల్లవారుజామున పోయారని.

కాటి దగ్గర పాత విద్యార్థులు కొందరు కనిపించి, ఇన్‌స్టిట్యూట్ నోటీసు బోర్డు మీద అంటిస్తామని, సారు గురించి ఏదైనా రాయమని అడిగారు. చివరిదాకా ఆయన దగ్గరికి వెళ్లింది నేనే కాబట్టి నన్ను అడిగి ఉంటారు. రోజూ రాత్రి ఆనాటి లెక్క రాసుకోవడం తప్ప నాకు వేరే రాత తెలియదు. అందుకే అదే పద్ధతిలో మొదలుపెట్టాను. సారు చల్లని మనిషి అని మాత్రం నా చేత రాయించకండి. మీలో చాలామంది వేళ్లకు ఆయన స్కేలు తెలుసు.

సైదాబాద్‌లో పిండి గిర్నీ పైన మన ఇన్‌స్టిట్యూట్. కింద గిర్నీ ఆడుతుంటే పైన బల్లలు వణికేవి, మిషన్ల మీద తెల్లటి పొడి పడేది. ఏడో తరగతిలో బడి మానేసి ఇంటి పాడి చూసుకుంటున్న నేను, టైపు వస్తే ఎక్కడైనా గుమాస్తా పని దొరుకుతుందని ఆ మెట్లు ఎక్కాను. సారు నన్ను చూడకముందే వాసన చూశారు.

"బర్రెల కాడికెల్లి వచ్చినవా? కిటికీ పక్కన కూసో. గాలొస్తది, మాకు."

ఆడపిల్లల బ్యాచి నవ్వింది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన నా మణికట్టు మీద అగ్గిపెట్టె పెట్టి కొట్టమనేవారు. అది జారితే స్కేలు అంచు వేళ్ల కణుపుల మీద పడేది. కీల వైపు చూస్తే ఇంకొకటి. నేను కొట్టిన కాగితం పైకెత్తి తప్పులన్నీ క్లాసుకు చదివి వినిపించేవారు. ఒకసారి నేను కీబోర్డు మీద పిడకలు కొడుతున్నానన్నారు. అయితే ఆయన పెద్ద ఇంజనీరు గారి అబ్బాయిని కూడా అంతే గట్టిగా కొట్టేవారు. అప్పటిదాకా నన్ను అందరితో సమానంగా చూసిన మనిషి నాకు ఇంకొకరు దొరకలేదు. అందుకని వెళ్లడం మానలేదు.

కంప్యూటరు తరువాత వచ్చింది. మెకానిక్ భాయ్ వాళ్లన్న గల్ఫ్ నుంచి పిల్లల కోసం తెచ్చాడు, పిల్లలు నాలుగు రోజుల్లో విసిగిపోయారు. సారు దాన్ని కొని, బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించి, బయట బోర్డు మీద కంప్యూటర్ అనే మాట టైప్ అనే మాటకన్నా పెద్దగా రాయించారు. దాంతోపాటు వచ్చిన క్యాసెట్లలో ఒక ఆట ఉంది. టేపురికార్డరులో పెడితే తెర మీదికి వచ్చేది, లేచేముందు ఆడిన చోటును ఇంకో క్యాసెట్‌లో ఎక్కించి దాచుకోవాలి, ఈలోపు కరెంటు పోతే అంతా పోయినట్టే. ఆదివారం క్లాసులు లేనప్పుడు సారు, భాయ్, కంపోజిటర్ అన్న, నేను ఆ ఆట ముందు కూర్చునేవాళ్లం. కంపోజిటర్ అన్న పగలు ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాడు, సాయంత్రం మాతో టైపు నేర్చుకునేవాడు.

చూడనివాళ్ల కోసం చెబుతాను. తెర మీద నేలమాళిగ ఒకటి, తెల్లటి గీతలతో గీసిన నడవలు, తలుపులు. ఆరుగురు మనుషులను మనమే తయారుచేసి పేర్లు పెట్టి లోపలికి పంపాలి. ఒకడు కత్తివీరుడు, ఒకడు దొంగ, ఒకడు వైద్యుడు, ఒకడు మంత్రగాడు, అలా. ముగ్గురు ముందు వరుస, ముగ్గురు వెనక. తలుపు తీస్తే దయ్యాలు వస్తాయి. దెబ్బలన్నీ ముందు వరుస తింటుంది, పేరు పక్కన ప్రాణం అంకె తగ్గుతూ పోతుంది. చచ్చినవాడు చచ్చినట్టే, మళ్లీ లేవడు.

మా నలుగురి పేర్లతో నలుగురు, ఖాళీ పూరించడానికి ఇద్దరు. వంతులవారీగా ఒక్కొక్కరం ఆరుగురినీ నడిపేవాళ్లం. భాయ్ కత్తివీరుడు. ఏ తలుపైనా తన్నే తీసేవాడు. ఆ ఆటలో దయ్యాలతో మాట్లాడి ఒప్పించే వీలు కూడా ఉండేది. అది ఎప్పుడైనా వాడమంటే భాయ్‌కి మా చెడ్డ కోపం. "లారీ కింద పండుకొని దినమంత నట్లతోని బతిమిలాడుకుంట. ఈడ గూడ బతిమిలాడాల్నా భాయ్?" అనేవాడు. కంపోజిటర్ అన్న దొంగ. పెట్టె కనబడితే చెయ్యి పెట్టాల్సిందే, విరిగిన డాలు కూడా వదిలేవాడు కాదు. నేను వైద్యుణ్ణి. గళ్ల కాగితం మీద ప్రతి మలుపూ గీసుకుంటూ నడిచేవాణ్ణి. ఆరుగురిలో ఒక్కరికి ఒంట్లో బాగా లేకపోయినా తరువాతి తలుపు తీసేవాణ్ణి కాను. ఒక బర్రె మేత ముట్టకపోతే ఆ రోజు మంద బయటికి పోదు. నాకు తెలిసింది అదే.

సారు మంత్రగాడు. వెనక వరుసలో, ఆఖరున. ఒంటి మీద ఒక్క గీత పడనిచ్చేవారు కాదు. వైద్యుణ్ణి వెనక ఉంచాలని ఆట పుస్తకంలోనే ఉంది. సారు నన్ను ముందు వరుసలో మొదట నిలబెట్టేవారు.

"సార్, నేను చస్తే మందు ఎవరేస్తరు?" అని ఒకసారి అడిగాను.

"నువ్వు చచ్చేలోపల నా మంత్రం పూర్తయితది. గంతే నీ పని."

నేను చచ్చినప్పుడల్లా అదే పేరుతో ఇంకొకణ్ణి చేసి, మళ్లీ అక్కడే నిలబెట్టేవారు. తెర మీద వచ్చే ఇంగ్లీషు మాటలకు అర్థం అడిగితే చెప్పేవారు కాదు. ఆగు, చస్తే తెలుస్తుంది అనేవారు. పాయిజన్ అనే మాట అట్లాగే నేర్చుకున్నాను. ట్రాప్ కూడా. ఇప్పుడు ఇంగ్లీషు పేపరు తడుముకుంటూ చదవగలుగుతున్నానంటే, నేను ఆ నేలమాళిగలో చాలాసార్లు పోయానని అర్థం.

ఒక ఆదివారం సాయంత్రం సారు మమ్మల్ని కూర్చోబెట్టి, పెద్ద ప్రభుత్వ ఫ్యాక్టరీ ఒకదానిలో కంప్యూటర్లు పెడుతున్నారని, అక్కడి ఆఫీసరు తనకు తెలిసినవాడని, ఒక్క మనిషిని పంపమన్నాడని చెప్పారు. పర్మనెంటు నౌకరి. భాయ్ తనకు గ్రీజు చేతులే బాగున్నాయన్నాడు. మిగిలింది కంపోజిటర్ అన్న, నేను. అన్న ఊపిరితిత్తుల్లోకి అక్షరాల సీసం పోతోందని ప్రెస్సు మానేయమన్నాడు డాక్టరు. నేను మా అన్నల చేతి కింద, బర్రెల కొట్టంలోనే ముసలివాణ్ణయ్యేటట్టు ఉన్నాను. ఇద్దరికీ ఆ నౌకరి కావాలి. స్పీడులో ఇద్దరం సమానం.

"టైపు చూసేదేం లేదు," అన్నారు సారు. "ఆట ఆడున్రి. మూడో అంతస్తు దాంక కిందికి పోయి పెట్టె తీస్కొని పైకి రావాలె. ఎవరొస్తే వానికి ఆఫీసరు పేరు మీద చిట్టీ రాసిస్త."

మొదట కంపోజిటర్ అన్న ఆడాడు. రెండో అంతస్తులో నాకు విషం ఎక్కింది, భాయ్ కాలు విరిగింది. మా ఇద్దరినీ నడవలోనే వదిలేసి మిగిలినవాళ్లతో దిగిపోయాడు. తెర మీద నా పేరు ఒక్కో అడుగుకూ ఒక్కో అంకె తగ్గి, చీకట్లో ఆరిపోయింది. పక్కనే కూర్చుని చూశాను. అన్న పెట్టెతో పైకి వచ్చాడు. తల తిప్పకుండా, "ఆటే కదరా తమ్మీ," అన్నాడు.

తరువాత నేను. భాయ్‌కి దెబ్బ తగిలితే వెనక్కి తెచ్చి బాగుచేశాను. మంత్రగాడికి మంత్రాలు అయిపోతే, మళ్లీ నిండేదాకా ఆగి నిద్రపుచ్చాను. దొంగను కూడా బతికించాను. గళ్ల కాగితం ప్రకారం ఒక్క మలుపు తప్పకుండా ఆరుగురినీ మూడో అంతస్తులో పెట్టె ఉన్న తలుపు దాకా తీసుకుపోయాను. అందరి అంకెలూ నిండుగా ఉన్నాయి. చెయ్యి చాచబోతుంటే కరెంటు పోయింది.

కింద గిర్నీ కూడా ఆగింది. ఆ నిశ్శబ్దంలో సారు కుర్చీ జరుపుకున్న చప్పుడు వినిపించింది.

"ఆరుగురు సచ్చిన్రు," అన్నారు. "వాడు ఇద్దర్ని చంపిండు. నువ్వు అందర్ని. కరెంటు నీ కోసం ఆగదిరా పాలోడా."

భాయ్ ఒక్కడే మాట్లాడాడు. పెట్టె దాకా వచ్చింది మనం చూశాం కదా, ఇంకోసారి ఆడనివ్వమన్నాడు. సారు కొవ్వొత్తి వెలిగించుకుని, కంపోజిటర్ అన్న పేరు మీద చిట్టీ రాశారు. స్పెల్లింగ్ సరిగ్గా ఉందా చూడమని నాకే ఇచ్చారు. చూశాను, సరిగ్గా ఉంది.

మరుసటి ఆదివారం కూడా వెళ్లాను. ఎందుకు వెళ్లావని మా అన్నలు నవ్వారు. ఆ ఆట ఆడే చోటు నాకు ఇంకెక్కడా లేదు.

పోయినేడు సారుకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. క్లాసులు మూతపడ్డాయి. సారమ్మ, అంటే వారి భార్య, మంచాన్ని కంప్యూటరు దగ్గరే వేయించింది. కంపోజిటర్ అన్న ఒకసారి స్కూటరు మీద యాపిళ్లు తెచ్చాడు. భాయ్ వీలైనప్పుడల్లా వచ్చి గడ్డం గీసేవాడు. నేను సాయంత్రం పాలు పోయడానికి వెళ్లి, కాసేపు కూర్చునేవాణ్ణి. నన్ను చూడగానే నీకు పని లేదా అని అడగడం ఆయన ఒక్కరోజూ మానలేదు. ఎడమ చేత్తో ఒక్కో కీ వెతుక్కుంటూ ఆడేవారు, చూడకుండా కొట్టాలని మమ్మల్ని కొట్టిన మనిషి. ఒకరోజు చూడలేక నేను ఒక కీ నొక్కాను. ఎడమ చేత్తోనే స్కేలు తీసి వేళ్ల మీద వేశారు. పాత దెబ్బకన్నా గట్టిగానే తగిలింది.

కార్తీకంలో ఒక సాయంత్రం, తెర వైపే చూస్తూ అడిగారు.

"గా నౌకరి వానికెందుకిచ్చిన అని ఎన్నడు అడగవేందిరా?"

"ఏం అడగాలె సార్."

"అడగవు. గందుకే."

మాట సగం వంకరగా వచ్చింది, కానీ అర్థం కాకపోలేదు. ఇంకేమైనా అంటారేమోనని చూశాను. పాలల్లో నీళ్లు ఎక్కువైనాయి అన్నారు. నేను కలపలేదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఈ రోజు మధ్యాహ్నం కాటిదాకా భాయ్, నేను, సారు తమ్ముడు, గిర్నీ యజమాని పాడె మోశాం. ముందు కుడివైపు నన్ను పెట్టారు. కంపోజిటర్ అన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చాడు. సారు లేకపోతే నేను లేనని అందరి ముందు ఏడ్చాడు, అది నిజమైన ఏడుపే. షిఫ్టుకు టైమైందని నిప్పు పెట్టకముందే వెళ్లిపోయాడు. భాయ్ ఆ స్కూటరు మలుపు తిరిగేదాకా చూసి, "పెట్టె దొరికినంక మెట్లెక్కిండు భాయ్, సారు నేర్పినట్టే," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. కాటి దగ్గర నవ్వాను. ఎవరైనా చూసి ఉంటే అందుకు ఇదే సమాధానం.

తిరిగొచ్చాక సారమ్మ ఇన్‌స్టిట్యూట్ తాళం నా చేతికిచ్చింది. ఆ కంప్యూటరు డబ్బాలో ఏముందో తనకు తెలియదని, పనికొచ్చేది ఉంటే చూసి, టీవీ మాత్రం కిందికి దింపమంది. ఇప్పుడు అక్కడే కూర్చుని ఇది రాస్తున్నాను. కింద గిర్నీ ఆడుతోంది. సారు ఆఖరుసారి ఆట ఎక్కించిన క్యాసెట్ టేపులో పెట్టాను. ఎప్పటిలాగే కాసేపు కీచుమని అరిచి, తెర మీద గీతలు వచ్చాయి.

మూడో అంతస్తు. మూసిన తలుపు. ఆరు పేర్లు. ముందు వరుసలో మొదటిది నాది, ప్రాణం రెండు మిగిలింది. విషం కూడా ఎక్కి ఉంది. వెనక వరుసలో ఆఖరున సారు, ఒక్క అంకె తగ్గలేదు. ఒంటి చేత్తో, చావు పక్కన పెట్టుకుని కూడా నన్ను అక్కడే నిలబెట్టారు. ఆఖరి రోజుల్లో మనసు మారిందేమో, నన్ను వెనక్కి జరిపారేమో అని క్యాసెట్ అరుస్తున్నంతసేపూ భయపడ్డాను. మారలేదు. ప్రాణం కుదుటపడింది.

వరుస మార్చుకోవచ్చా అని ఆట అడుగుతుంది. సారు ఉన్నప్పుడు ఆ కీ మేమెవరం ముట్టలేదు. కీల వైపు చూడకుండానే నొక్కాను. నా పేరు ఆఖరుకు పోయింది. సారు పేరు ముందు వరుసలో మొదటికి వచ్చి నిలబడింది. మంత్రగాడు, చేతిలో కర్ర తప్ప ఏమీ లేదు, ఒక్క దెబ్బకు కూడా తట్టుకోడు. గళ్ల కాగితం నా దగ్గరే ఉంది. ఆరుగురినీ వెనక్కి తిప్పి మెట్ల దాకా నడిపించుకుపోవచ్చు. తలుపు తీయాలా అని తెర అడుగుతోంది. గిర్నీకి తెర సన్నగా వణుకుతోంది, ఆయన పేరు కూడా.

కిటికీలోంచి చూస్తే పొద్దు వాలింది. బర్రెలు ఈపాటికి అరుస్తూ ఉంటాయి, ఇంకా పితకలేదు, ఆ లెక్క ఖాళీగానే ఉంది. కరెంటు ఎప్పుడైనా పోవచ్చు. వేలు కీ మీదే ఉంది. రెండో చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే మన్నించండి.

సాయంత్రం పాలు