ఆకులు కప్పుకున్న నేల

కింది వాటా పెద్దాయన పోయారని ఆయన కూతురు ఫోన్‌లో చెప్పింది. కరోనా. కడసారి చూపుకు ఆమెను కూడా ఆసుపత్రిలోకి రానివ్వలేదట. మా అమ్మ స్టవ్ కట్టేసి వంటింట్లో నేలమీదే కూలబడింది.

ఆయనది ఫ్రాన్సు. వాళ్ళ జిల్లాలో దుక్కి మానేసి, మందులు కొట్టకుండా గోధుమ పండించిన మొదటి రైతు. ఊరంతా పిచ్చివాడంది. నవ్వినవాళ్ళ కొడుకులే ఆ పద్ధతి నేర్చుకుందామని వచ్చేసరికి పొలం చెయ్యి దాటిపోయింది. చివరికి జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర కూతురి పంచన చేరారు. ఆయనకు మిగిలిన సేద్యమల్లా మా అద్దె ఇంటి వెనక పెరడే.

మమ్మల్ని చూడ్డానికొచ్చిన అమ్మ, విమానాలు ఆగిపోయి మా దగ్గరే ఇరుక్కుపోయింది. ఏమీ తోచక ఓ పొద్దున ఆయన మళ్ళమీది ఎండుటాకులన్నీ ఊడ్చి అద్దంలా చేసింది. సాయం చేశాననే అనుకుంది పాపం. ఆయన చూసి నీరుగారిపోయారు. కోప్పడతారనుకున్నాను. మెల్లగా వంగి, ఒక్కో గుప్పెడు ఆకులు తిరిగి పరవడం మొదలుపెట్టారు.

"నేలను బట్టల్లేకుండా నిలబెట్టకూడదు. మీ అమ్మకు చెప్పు," అన్నారు జర్మన్‌లో.

నేను తెలుగులో చెప్పాను. అమ్మ మొహం చిన్నబోయింది.

"తెలీక చేశాను అన్నయ్యగారూ," అంటూ తనూ కూర్చుని పరిచింది.

మీరు చూడాల్సింది వాళ్ళిద్దర్నీ. ఒకరి భాష ఒకరికి రాదు. మాస్కులు పెట్టుకుని, చెరో బుట్టతో, దూరందూరంగా. ఆయన చిటికెడు మట్టి తీసి, మాస్కు దించి వాసన చూసేవారు. అటు తిరిగి అమ్మ కూడా చూసేది. బాగుందన్నట్టు తల ఊపేది.

అంబులెన్సు ఎక్కిస్తుంటే ఆయన నావైపు తిరిగి, మంచు పడేలోపు మళ్ళు కప్పమన్నారు. కప్పాం. ఆయన పోయిన కొద్దిరోజులకే ఇంటి ఓనరు కార్లు పెట్టుకోవడానికి పెరడంతా తవ్వించి కంకర పోయించాడు. నాకు ఒళ్ళు మండి గొడవపడ్డాను. ఏం లాభం, నెలనెలా అద్దె కట్టేవాళ్ళమే గానీ పెరడు మాది కాదు కదా. ఒక జీవితమంతా నేర్చుకున్నది కంకర కింద పోయింది.

ఖననానికి ఇంటివాళ్ళను మాత్రమే రానిచ్చారు. తర్వాతి ఆదివారం మేం వెళ్ళేసరికి సమాధిమీద ఒట్టి మట్టి, పైన తెల్లగా మంచు.

"అన్నయ్యగారిని ఇలా పడుకోబెట్టారేంట్రా?" అంది అమ్మ. చెట్ల కింద రాలిన ఆకులు చెంగునిండా ఏరి తెచ్చి, తల దగ్గర్నుంచి కాళ్ళదాకా కప్పింది.

మళ్ళీ ఆదివారం వెళ్ళాం. శ్మశానం పనివాళ్ళు ఒక్క ఆకు లేకుండా ఊడ్చేశారు.

"వాళ్ళకీ తెలీదు కదరా," అని, అమ్మ మళ్ళీ వంగింది.