మావయ్యకు ఆలస్యంగా తెలిసిన దైవభయం

పోయిన ఆదివారం సండే స్కూల్లో పదేళ్ల పిల్ల ఒకతి లేచి నిలబడి, "టీచరమ్మా, దేవుడు మనల్ని ప్యార్ చేస్తాడు కదా, మరి ఆయనంటే డర్ ఎందుకు?" అని అడిగింది. మా దీవుల్లో పిల్లల తెలుగు అంతే, సగం హిందీ. భయం వేరు, భయభక్తులు వేరు అని ఏదో అప్పజెప్పాను. "అచ్ఛా" అని కూర్చుంది గానీ దాని మొహంలో ఒప్పుకోలు కనబడలేదు. నాకే లేదు, దానికెలా ఉంటుంది? మా పేట బ్రూక్షాబాద్ ఎత్తెక్కి ఇంటికి వచ్చేసరికి మోకాళ్లు లాగేశాయి. చెప్పులు విప్పే ఓపిక కూడా లేక వరండాలో అలాగే కూలబడ్డాను. అప్పుడు మా మావయ్య గుర్తొచ్చారు. మావయ్యంటే మా వారి తండ్రి.

ఆయన చిన్నతనంలోనే శ్రీకాకుళం తీరం నుంచి తండ్రి వెంట ఓడెక్కి వచ్చారు. జెట్టీ దగ్గర పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నారు. మా తెలుగు సంఘానికి పెద్ద కూడా ఆయనే. శనివారం సాయంత్రం కిరోసిన్‌తో గోళ్లలోని గ్రీజు తోముకుని, ఆదివారం తెల్లచొక్కా వేసుకుని గుడికి వస్తే, ముందు బెంచీ అంతా సబ్బూ కిరోసినూ కలిసిన వాసన. "దైవభయం ఉందా?" అనేది ఆయన ఊతపదం. కూరలో ఉప్పెక్కువైతే నాకు దైవభయం లేదు. ఓడ ఆలస్యమైతే కెప్టెన్‌కి లేదు. ఒకసారి ప్రార్థన మధ్యలో ఎవరిదో కోడి కూస్తే దానికీ లేదన్నారు. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో, దేవుడంటే మావయ్యకు పై అధికారి కాబోలు, అందరి మీదా ఈయన రిపోర్టు రాసి పంపుతుంటారు కాబోలు అనుకునేదాన్ని.

అప్పట్లో మా ఇల్లు ఇక్కడ కాదు, కింద ఒడ్డు పక్కన. పక్కింటి వాళ్లు రాంచీ వైపు నుంచి వచ్చినవాళ్లు. పక్కింటాయనకు నలభై దాటాయి, సొంత పడవ ఉండేది. ఎప్పుడో చెట్టు మీంచి పడి కుడికాలు ఈడుస్తూ నడిచేవాడు. మావయ్యను చాచాజీ అనేవాడు. అతని భార్యను మేమందరం దీదీ అనేవాళ్లం. తెలుగు సగమే అర్థమైనా ఇద్దరూ మా గుడికే వచ్చేవారు.

సునామీ ఏడు, క్రిస్మస్ మర్నాడు ఆదివారం. పొద్దున్నే భూమి ఊగింది. గిన్నెలన్నీ దొర్లిపోతే మేమంతా సందులోకి పరిగెత్తాం. ఊపు ఆగాక, పడవ తాళ్లు చూసి వస్తామని మావయ్య, పక్కింటాయన ఒడ్డుకు దిగారు. తర్వాత నీళ్లొచ్చాయి. మావయ్య ఒక్కరే మీదికి వచ్చారు, నడుం దాకా తడిసి, ముంజేతుల నిండా గీరుకుపోయిన గాయాలతో. పక్కింటాయన మూడో రోజున మడచెట్ల మధ్య దొరికాడు. మావయ్య గాయాలు చూసి ఎవరో అన్నారు, "ఆఖరిదాకా అతని చెయ్యి పట్టుకునే ఉన్నట్టున్నారు, పాపం" అని. మావయ్య అవునూ అనలేదు, కాదూ అనలేదు.

ఆ మాట ఊరంతా తిరిగింది. మేము ముందు స్కూలు గదిలో, తర్వాత ప్రభుత్వం వేసిన రేకుల గదుల్లో ఉన్నాం. ఎండకు రేకులు పెనంలా కాలేవి, వానొస్తే పక్కనున్న మనిషి మాట వినబడేది కాదు. భూమి అప్పుడప్పుడూ ఊగుతూనే ఉండేది. క్యూలో నిలబడి బియ్యం, క్యూలో నిలబడి నీళ్లు. ఏడవడానికి కూడా ఓపిక లేని అలసట అది. అలాంటప్పుడు జనానికి ఒక మంచి కథ కావాలి. పాస్టరుగారు దాన్ని ప్రసంగంలో చెప్పారు. నా మనిషి ఒంటరిగా పోలేదని దీదీ వచ్చి మావయ్య కాళ్లకు దణ్ణం పెట్టేది. నిప్పు తగిలినట్టు ఆయన కాళ్లు వెనక్కి లాక్కునేవారు. నేనది వినయం అనుకున్నాను.

మా గుడిలో నెలకోసారి బల్ల, అంటే ప్రభు భోజనం. మనసులో తప్పు దాచుకుని అది తీసుకోకూడదంటారు. ప్రభువు రొట్టె, ద్రాక్షరసం ఉన్న పళ్లెం మావయ్య చేతి మీదుగానే అందరికీ వెళ్లేది. ఆయన మాత్రం తీసుకోవడం మానేశారు. మొదటి నెల నా కళ్లే పొరబడ్డాయనుకున్నాను. రెండో నెలా అంతే, మూడో నెలా అంతే. ఆ ఊతపదమూ ఆయన నోట్లోంచి పోయింది. కూర ఉప్పు కషాయమైనా మాట్లాడకుండా తినేవారు. ఆ నిశ్శబ్దమే నాకు ఎక్కువ బెంగ పెట్టింది.

ఒక మధ్యాహ్నం వాన వెలిసింది. గదిలో ఇద్దరమే ఉన్నాం. "మావయ్యా, బల్ల ఎందుకు తీసుకోవట్లేదు?" అని అడిగేశాను.

మావయ్య ముంజేతుల మీది మచ్చలు చూపించారు. "నాను ఆడి సెయ్యి పట్టుకోలేదమ్మా. కెరటం కనబడగానే పరిగెట్టీసేను. ఎనకనించి 'చాచాజీ, హాథ్ దీజియే' అన్నాడు. ఇన్నాను. ఇని కూడా తిరిగి సూడలేదు. ఈ గాయాలు ముళ్లకంపవి."

చెయ్యి ఇవ్వమని అడిగాడు. ఆ కుంటి మనిషి అడిగింది అంతే.

"ఎవరికీ చెప్పకండి మావయ్యా. దీదీకి ఆ మాటొక్కటే ఆసరా" అన్నాను. జాలితోనే అన్నానని ఇప్పుడు చెప్పుకోవచ్చు. నిజానికి, ఇంకో భూకంపాన్ని తట్టుకునే శక్తి లేక అన్నాను.

"నానూ అలాగే అనుకున్నాను. సముద్రానికి బయపడి ఆడిని ఒగ్గీసేను. జనానికి బయపడి నోరు మూసుకున్నాను. దైవబయం, దైవబయం అని ఇన్నేళ్లూ మిమ్మల్నందర్నీ అదిలించేను గానీ, నాకెప్పుడూ ఆయనంటే బయం లేదమ్మా. ఉంటే ఆ పిల్ల నా కాళ్లు ముట్టుకుంటంటే ఎలా ఊరుకుంటాను?"

"ఇప్పుడు భయమేస్తోందా?"

"ఏస్తంది. కొడతాడని కాదు. కళ్లు మూసుకుంటే ఆయనకి నా మొగం సూపించలేకపోతన్నాను. ఇదేనేమో బయమంటే."

లేచి చొక్కా వేసుకున్నారు. నేనూ వెంట వెళ్లాను. దీదీ గది నాలుగు గదుల అవతల. గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మావయ్య నిలబడే, హిందీలో, నాలుగు ముక్కల్లో జరిగింది చెప్పేశారు. క్షమించమనలేదు. ఆమె అడిగింది ఒకటే, "ఆఖిర్ మే క్యా బోలా?" చివర ఏమన్నాడు అని. మావయ్య ఆ మూడు మాటలూ చెప్పారు. ఆమె చేట పక్కన పెట్టి, లోపలికి వెళ్లి గుమ్మానికి పరదా లాగేసింది. ఆ కాస్త దూరం తిరిగి రావడానికి మావయ్య రెండుసార్లు కూర్చోవలసి వచ్చింది.

ఆ ఆదివారం గుడిలోనూ చెప్పి, పెద్దరికం వదులుకున్నారు. "ఇప్పుడెందుకండీ ఇదంతా" అని పాస్టరుగారు విసుక్కున్నారు. కొందరు దొంగభక్తుడన్నారు. కొందరు పలకరించడం మానేశారు. ఆ నెల బల్లకు ఆయన చివరి బెంచీలో కూర్చున్నారు. పళ్లెం తన దగ్గరికి వచ్చినప్పుడు రొట్టెముక్క తీసుకున్నారు. ఏడ్చారనుకునేరు, లేదు. పొద్దంతా బరువులు మోసిన మనిషి మంచినీళ్లు తాగినట్టు, తలవంచుకుని, నెమ్మదిగా తిన్నారు.

దీదీ దాదాపు ఏడాది మాతో మాట్లాడలేదు. నీళ్ల క్యూలో నన్ను చూస్తే మొహం తిప్పుకునేది. ఒక సాయంత్రం తనంతట తనే వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. "సబ్‌నే దిలాసా దియా, చాచాజీ. సచ్ తో ఆప్‌నే బోలా" అంది. అందరూ నన్ను ఓదార్చారు, నిజం మాత్రం మీరే చెప్పారు అని. మాఫ్ చేశాననలేదు. మావయ్యా అడగలేదు. టీ తాగి వెళ్లింది. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ ఆయన కాళ్లకు దణ్ణం పెట్టలేదు. ఎదురుగా కూర్చుని మాట్లాడేది, కోపం వస్తే కోప్పడేది కూడా. ఆయన మంచాన పడ్డప్పుడు, నాకు కన్నంటుకుంటే తను మేలుకుని ఉండేది.

మావయ్య పోయి ఏళ్లయింది. దీదీ జుట్టూ నా జుట్టూ పోటీపడి నెరిశాయి. కాలమే అన్నీ మాన్పుతుందని ఓదార్చేవాళ్లను ఈ దీవుల్లో చాలామందిని చూశాను. నాకు తెలిసినంతలో కాలం మనకు కాస్త వ్యవధి మాత్రమే ఇస్తుంది. అది అయిపోకముందే, కాళ్లు ఎంత అలసిపోయినా, లేచి, నిజం చెప్పాల్సిన గుమ్మం దాకా వెళ్లాల్సింది మనమే.