వదిన రాసిన లూపు

మొన్న ఆఫీసులో ఒక వెబ్ పేజీ బిగుసుకుపోయి, కాసేపు ఆగుతారా, మూసేయమంటారా అని మర్యాదగా అడిగింది. ఇప్పటి కంప్యూటర్లకి అంత ఓపిక వచ్చింది. నేను చదువుకునే రోజుల్లో ఒక్క పేజీ బిగుసుకుంటే మొత్తం మిషనే మొద్దుబారిపోయేది. మా వదినకి ఆ ముచ్చట సరిగ్గా పరీక్షలోనే జరిగింది.

ఇద్దరం కొవ్వూరు నుంచి బస్సులో రాజమండ్రి వెళ్లి కంప్యూటర్ కోర్సు చదివేవాళ్లం. వదిన నాకు సీనియరే గాని, జావాస్క్రిప్ట్ ప్రాక్టికల్ తప్పడంతో ఆ ఏడు నా బ్యాచ్‌తో కలిసి రాస్తోంది. ఈలోగా బిడ్డ పుట్టాడు. ఇంట్లో కంప్యూటర్ లేదు కనుక పప్పు ఉడికేలోపు పాత క్యాలెండర్ కాగితాల వెనక లూపులు, అంటే ఒకే పనిని లెక్క పూర్తయ్యేదాకా మళ్లీ మళ్లీ చేయించే కోడ్ లైన్లు, రాసుకునేది. "ఈసారీ పోతే ఇంక చాలమ్మా," అంది మా అమ్మ, మెత్తగానే. వదినకి భయం పుట్టించింది ఆ మెత్తదనమే.

పరీక్ష రోజు బిడ్డని ఎత్తుకుని అమ్మ కూడా మాతో వచ్చి వరండాలో కూర్చుంది. ప్రశ్నలో పదిహేడో ఎక్కాన్ని లూపుతో పేజీ మీద చూపించమన్నారు. నా పక్క మిషనే వదినది. రన్ చేయగానే తెర బిగుసుకుపోయింది, మౌస్ కూడా కదల్లేదు. అదే సమయానికి వరండాలో అమ్మ చేతుల్లోని బిడ్డ పాల కోసం ఏడుపందుకున్నాడు. లేచి బయటికెళ్తే మళ్లీ లోపలికి రానివ్వరు. వదిన పమిట నిండుగా లాక్కుని, పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. నా వేళ్లు నా కీబోర్డు మీదే ఆగిపోయాయి.

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు దగ్గరికొచ్చారు.

"ఏంటమ్మా, ఆగిపోయిందా?"

"లూపు ఆగట్లేదండి. అందుకే మిషన్ ఆగిపోయిందండి."

"ఎందుకాగట్లేదు?"

"అంకె పెంచే లైను లూపు బ్రాకెట్ బయట పెట్టేశానండి. లోపల అంకె ఒకటి దగ్గరే ఉండిపోతోంది."

"చెబితే చాలదమ్మా, రన్ చేసి చూపించాలి."

మిషన్ ఆపి మళ్లీ వేశారు. అర్ధాంతరంగా ఆపినందుకు మిషన్ ముందు తన డిస్కుని చూసుకోవాలి; నీలం తెర మీద ఆ డిస్కు తనిఖీ నత్తలా సాగింది. వరండాలో ఏడుపు ఎక్కిళ్లలోకి దిగింది. తెర తెరుచుకోగానే వదిన ఫైలు తీసి, ఆ ఒక్క లైనూ లోపలికి జరిపి, రన్ చేసి కళ్లు మూసుకుంది. నేను చూశాను: ఎక్కం బారుగా దిగి, చివర బుద్ధిగా ఆగింది. ఆయన మార్కులు వేసుకుని, "వెళ్లమ్మా, బాబు ఏడుస్తున్నాడు," అన్నారు.

వదిన ప్యాసయింది. తర్వాత కొవ్వూరులోనే చాలా ఏళ్లు పిల్లలకి అదే పాఠం చెప్పింది. ఆ డిస్కు తనిఖీకి పట్టింది కొద్ది నిమిషాలేనని గోడ గడియారం చెప్పింది గాని, ఆ మాట నేనింతవరకూ నమ్మలేదు. కాలం అందరికీ ఒకేలా నడుస్తుందంటే అసలే నమ్మను.