భూమయ్య ఓడించిన మాట

మస్కట్ శివారు అల్ ఖౌద్‌లోని ఆ రూమ్‌లో ఉండే ఏడుగురిలో బుర్ర ఉన్నది తనొక్కడికేనని భూమయ్యకు గట్టి నమ్మకం. దాన్ని దాచుకునే మర్యాద కూడా అతనికి లేదు. మిగతావాళ్లంతా ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకాలని వాళ్ల ముఖం మీదే అనేవాడు. నిజం చెప్పొద్దూ, అందులో అబద్ధం పెద్దగా లేదు. దగ్గుతున్నావు కదా, సిగరెట్టు మానరాదా అని ఒకణ్ణి అడిగితే మా తాత చుట్ట తాగి తొంభై ఏళ్లు బతికాడనేవాడు. ఆ తాతతో కలిసి చుట్ట కాల్చి నలభైకే పోయినవాళ్లెందరో లెక్కపెట్టావా అని భూమయ్య అడిగితే ముఖం మాడ్చుకుని అటు తిరిగేవాడు. ఇంకొకణ్ణి గిన్నెలు తోమమంటే, పోయిన నెల నువ్వు తోమావా అనేవాడు. పోయిన నెల భూమయ్య తోమకపోతే ఇవాళ గిన్నె దానంతటదే తెల్లబడుతుందట! కిటికీ తెరవమంటే చాలు, ఇవాళ కిటికీ, రేపు తలుపు, ఎల్లుండి అందరం రోడ్డు మీద పడుకోవాలా అని లేచేవాడు మరొకడు. ఫోన్‌లో వచ్చిన చెత్తనంతా ఇంతమంది పంపారంటే నిజమే అయ్యుంటుందని నమ్మేవాళ్ల సంగతి సరేసరి. వాళ్లది గొర్రెదాటు అని తేల్చేసేవాడు భూమయ్య.

అతను చదివింది పదో తరగతి. తర్కానికి ఒక శాస్త్రం ఉందని ఎవరూ అతనికి చెప్పలేదు. అయినా ఎదుటివాడి మాటలో సందు ఎక్కడుందో నోటి నుంచి బయటపడకముందే కనిపెట్టేవాడు. చేసే పని టైల్స్ మేస్త్రి. వేసిన టైల్‌ను మర్నాడు నాణెంతో కొట్టి చూస్తే, కింద సిమెంటు సరిగ్గా నిండనిది డొల్లగా మోగుతుంది. డొల్ల టైల్‌ను పీకేసి మళ్లీ వేయించడంలో అతనికి జాలి లేదు. మనుషుల మాటల మీద అసలే లేదు.

ఆ కసి ఊరికే రాలేదు. మెట్‌పల్లి పక్కన పల్లెలో అతనికి పదకొండేళ్లప్పుడు ఎదురింటివాళ్ల బర్రె చచ్చింది. సోమవారం భూమయ్య తల్లి గౌరవ్వ చల్ల కోసం వాళ్ల వాకిట్లోకి వెళ్లింది. గురువారం బర్రె కాళ్లు తన్నుకుంది. ఇంకేం కావాలి? కులపంచాయితీ కూర్చుని, గౌరవ్వ కళ్లు మంచివి కావని, ఆమెకు మంత్రాలు వచ్చని తేల్చింది. సోమవారం మీ బామ్మర్ది కూడా వచ్చాడు కదా, మరి అతని కళ్ల సంగతేమిటని భూమయ్య నిలబడి బర్రె యజమానిని అడిగాడు. సమాధానంగా చెంప పగిలింది. ఆ ఏడు బతుకమ్మ ఆటకు గౌరవ్వను ఎవరూ పిలవలేదు. ఆ తర్వాత కూడా పిలవలేదు. ఆమె వాకిలి దాటకుండానే ముసలిదై పోయింది.

దాని తర్వాత ఇది జరిగింది, కాబట్టి దీనికి అదే కారణం అని ఎవడైనా అన్నాడంటే భూమయ్యకు ఒళ్లు మండేది. దానికి బర్రె లెక్క అని పేరు పెట్టుకున్నాడు. మస్కట్ వచ్చిన పదహారేళ్లలో బర్రె లెక్కలు ఎన్ని విన్నాడో! ఒక్కసారి మాత్రం అతని తెలివి మనిషిని నిలబెట్టింది. బౌషర్‌లో ఒక విల్లా పనిలో టైల్స్ పైకి లేచిపోతుంటే, బాబు మియా పనిలో చేరిన వారం నుంచే ఇలా అవుతోంది, వాణ్ణి పంపించెయ్యాలి అన్నాడు ఫోర్‌మన్. బాబు మియా నోరు లేని బంగ్లాదేశీ. అదే వారం సిమెంటు బస్తాలు నీడలోంచి తీసి ఎండలో పెట్టిన సంగతి భూమయ్య ఎత్తిచూపాడు. బాబు మియా చెయ్యి పెట్టని గదిలో కూడా టైల్స్ లేచాయని నాణెంతో కొట్టి వినిపించాడు. బాబు మియా ఉద్యోగం నిలిచింది.

అదంతా పక్కన నిలబడి చూసినవాడు లింబాద్రి. భీంగల్ దగ్గరివాడు. నలభై ఒక్కటో ఏట, అందరూ తిరిగిపోయే వయసులో గల్ఫ్‌కు వచ్చాడు. పది నెలలైనా అతనికి హిందీలో అచ్ఛా, జీ తప్ప ఇంకో మాట రాలేదు. అదే రూమ్‌లో ఉంటూ భూమయ్య కింద టైల్స్ పెట్టెలు మోసేవాడు. ఆ రోజు నుంచి లింబాద్రికి భూమయ్య మాటే వేదం. ఏ సిమ్ కొనాలి, జ్వరానికి ఏ మాత్ర వేసుకోవాలి, కూతురు సింధూజను ఏ చదువులో చేర్చాలి, అన్నీ భూమయ్యనే అడిగేవాడు. అడిగినవాటికల్లా భూమయ్య చెప్పేవాడు. తెలిసినవీ చెప్పాడు, తెలియనివీ చెప్పాడు. ఎవడికి చేదు, మహారాజులా కూర్చోబెట్టి వింటుంటే?

ఇక రూమ్‌లో అతని చేతికి చిక్కే మేక ఖమరుద్దీన్. కడపవాడు, కంపెనీ పికప్ నడిపేవాడు. మనసు వెన్న, నోరు తెరిస్తే మోకాలికీ బోడిగుండుకీ ముడి. ఏసీ ఆగిపోతే ఎవడో ఈల వేశాడు కాబట్టి అనేవాడు. కలలో చేప కనిపిస్తే వాన అనేవాడు. పోయిన ఏడు నిజంగానే వాన పడింది కూడా, ఎన్ని వందల చేపల తర్వాతో మరి. ఖమరుద్దీన్ ఏదైనా మొదలుపెట్టగానే రూమ్‌వాళ్లు భూమయ్య ముఖం చూసేవాళ్లు, ఇప్పుడు పొట్టు తీస్తాడని. భూమయ్య తీసేవాడు. సిగ్గులేకుండా చెప్పాలంటే, దానికోసమే శుక్రవారం సెలవు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాడు.

ఆ శుక్రవారం పొద్దున్నుంచీ లింబాద్రి ఎడమ దవడ పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పన్ను సలుపుతోందన్నాడు. లవంగం పెట్టుకోమన్నాడు భూమయ్య. పెట్టుకున్నాడు. ఏసీ గదిలో అతని బనియన్ తడిసిపోతున్నా, పొయ్యి మీద మటన్ ఉడుకుతుంటే ఆ చెమట ఎవరికి పట్టింది? జుమ్మా నమాజు నుంచి వచ్చిన ఖమరుద్దీన్ మాత్రం టోపీ తీసి జేబులో పెట్టుకుంటూ గుమ్మంలోనే ఆగిపోయాడు. కాసేపు లింబాద్రినే చూశాడు.

"ఇది పన్ను కాదన్నా. మా మామ గూడా ఇట్లనే దవడ పట్టుకున్న్యాడు. తెల్లారేసరికి మనిషి లేడు. లెయ్, ఆస్పత్రికి పోదాం," అన్నాడు.

రూమ్ మొత్తం భూమయ్య వైపు తిరిగింది. భూమయ్య ఉల్లిపాయ తరుగుతున్న కత్తి పక్కన పెట్టాడు. మీ మామకు గడ్డం ఉండేదా అని అడిగాడు. ఉండేదన్నాడు ఖమరుద్దీన్. చచ్చేటప్పుడు కూడా ఉందా అంటే ఉందన్నాడు.

"అయితే గడ్డమున్నోళ్లంత సస్తరా?"

అంతే, రూమ్ ఘొల్లుమంది. ఖమరుద్దీన్ తెలియకుండానే తన గడ్డం తడుముకోవడంతో నవ్వు రెట్టింపైంది. లింబాద్రి కూడా దవడ పట్టుకునే నవ్వాడు. అక్కడితో ఊరుకుంటే ఖమరుద్దీన్ ఖమరుద్దీన్ ఎందుకవుతాడు? మామ పోయింది కూడా శుక్రవారం తెల్లారే అన్నాడు. రాత్రి తనకు కల బాగా లేదన్నాడు. పొద్దున బండి రెండుసార్లు స్టార్ట్ కాలేదన్నాడు. నిప్పుకు ఎండుగడ్డి దొరికినట్టయింది భూమయ్యకు. శుక్రవారం నాడు ఒమన్‌లో ఎంతమంది బతికే ఉన్నారో లెక్కపెట్టుకు రమ్మన్నాడు. బండి స్టార్ట్ కాకపోతే దాని బ్యాటరీని తీసుకెళ్లాలి గాని లింబాద్రినెందుకు అన్నాడు. ఒక్కొక్కదాన్నే పట్టుకుని ఉతికి ఆరేశాడు. తన జీవితంలో అంత బాగా ఎన్నడూ వాదించలేదని అప్పుడతనికే అనిపించింది.

ఖమరుద్దీన్ కోపం తెచ్చుకోలేదు. జేబులోంచి తాళాలు తీశాడు.

"నాకు వాదించను రాదన్నా. బండి కిందనే ఉంది. పొయ్యొద్దాం. ఏమీ లేదంటే అందరూ కలిసి నన్ను నగుదురులే."

లింబాద్రి సగం లేచాడు. ఒక చెయ్యి గోడకు ఆనించి భూమయ్య ముఖంలోకి చూశాడు.

"పన్నునొప్పికి పెద్దాసుపత్రా? ఏం గాదు, పండుకో," అన్నాడు భూమయ్య.

లింబాద్రి మళ్లీ కూర్చున్నాడు. ఇంత తెలివైనవాడు ఆ అరగంటలో ఒక్కసారైనా లింబాద్రి ముఖం చూశాడా అంటే, లేదు. అతని కళ్లన్నీ ఖమరుద్దీన్ మాటల మీదే. ఆ మాటలు డొల్లే, అందులో సందేహం లేదు. మామ, గడ్డం, కల, బ్యాటరీ, అన్నీ డొల్లే. కానీ ఆస్పత్రికి పోదాం అన్నది డొల్ల కాదు. వంకర వేలితో చూపించినంత మాత్రాన ఇల్లు అక్కడ లేకుండా పోదు కదా. వాదన చెడ్డదైతే చెప్పిన సంగతి కూడా అబద్ధమే అనుకోవడం ఎంత మొద్దుతనమో పదహారేళ్లుగా మొద్దుల్ని పట్టుకుంటున్న ఈ మొనగాడికి తట్టలేదు. మటన్ దించి అందరికీ వడ్డించాడు. ఆ పూట అతనికి రెండు ముద్దలు ఎక్కువే వెళ్లాయి.

మర్నాడు పొద్దున తొమ్మిది గంటలకు బౌషర్ సైట్‌లో టైల్స్ పెట్టె మోసుకుంటూ మెట్లెక్కుతున్న లింబాద్రి మధ్యలో ఆగాడు. పెట్టెను జాగ్రత్తగా మెట్టు మీద దించాడు. దాని పక్కనే కూర్చున్నాడు, కూర్చున్నవాడు ఒరిగిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్లింది ఖమరుద్దీన్ పికప్పే. వెనక సీట్లో లింబాద్రి తల ఒళ్లో పెట్టుకున్న భూమయ్య దారి పొడుగునా ఒక మాట కోసం కాచుకున్నాడు. నిన్ననే చెప్పాను కదా అని ఖమరుద్దీన్ అంటాడు, అంటే పడాలి. ఖమరుద్దీన్ అనలేదు. హారన్ మీద చెయ్యి తియ్యకుండా నడిపాడు.

డాక్టర్లు మనిషిని దక్కించారు. గుండెలో మూసుకుపోయిన నాళం తెరిచి స్టెంట్ వేశారు. కానీ ఒకరోజంతా రక్తం అందక గుండెలో కొంత భాగం చచ్చిపోయింది, అది ఇక తిరిగి రాదు. బతుకుతాడు గాని బరువు మొయ్యకూడదు. బరువు మొయ్యని లింబాద్రితో కంపెనీకి పనేముంది? టికెట్ తీసి ఇంటికి పంపుతామని సోమవారానికే కబురు వచ్చింది. సింధూజ చదువు సంగతి భూమయ్యను ఎవరూ అడగలేదు.

ఆ సోమవారం సాయంత్రమే వార్డులో షీబా అనే మలయాళీ నర్సు కాగితాలు పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. ఆమెకు తెలుగు రాదు, లింబాద్రికి హిందీ రాదు. మధ్యలో మాట చేరవెయ్యడానికి భూమయ్య స్టూలు మీద కూర్చున్నాడు. నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగింది. శుక్రవారం పొద్దున అని చెప్పాడు. మరి శనివారం దాకా ఎందుకు రాలేదు, తీసుకొచ్చేవాళ్లు లేరా అని అడిగింది. అంతవరకూ గడగడా సాగిన భూమయ్య హిందీ అక్కడ తడబడింది. తనకు తెలిసిన జవాబే అయినా లింబాద్రి వైపు తిరిగి అడిగాడు.

లింబాద్రి ఏ నిష్ఠూరమూ లేకుండా, ఊరి పేరు అడిగితే చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"నువ్వు ఏం గాదన్నవ్ గదనే అన్నా. నువ్వన్నది ఎన్నడన్న తప్పైందా? గందుకే పోలె."

 ఆ మాటలో ఎంత సందుందో పిల్లవాడికి కూడా కనిపిస్తుంది. టైల్స్ తెలిసినవాడికి గుండె గురించి ఏం తెలుసు? చెప్పింది ఫలానావాడు కాబట్టి నిజమని ఎలా అవుతుంది? ఇన్నేళ్లలో భూమయ్య ఎన్ని రకాల తప్పులు పట్టాడు, ఈ ఒక్కదాన్ని ఎందుకు పట్టలేదు? ఎందుకంటే ఇది తన గొప్పకు పనికొచ్చింది కాబట్టి. అతనికి తన మీద తనకు అసహ్యం వేసింది, తల్లికి మంత్రాలు అంటగట్టిన ఆ పంచాయితీలో కూర్చున్నవాళ్ల మీద కూడా అంత వెయ్యలేదు.

ఒకతను వద్దన్నాడట అని షీబాకు హిందీలో చెప్పాడు. అతను డాక్టరా అని అడిగింది. కాదు సిస్టర్, టైల్స్ మేస్త్రి అన్నాడు. ఆమె రాయడం ఆపి తలెత్తి, సిమెంటు పగుళ్లు పట్టిన అతని వేళ్లు చూసింది. శుక్రవారమే వచ్చి ఉంటే ఇతని గుండెకు ఇంత నష్టం జరిగేది కాదని నెమ్మదిగా చెప్పి, కాగితాలు తీసుకుని పక్క మంచానికి వెళ్లిపోయింది.

సిస్టరమ్మ ఏమన్నదని లింబాద్రి అడిగాడు. భూమయ్య ఒక్క మాట కూడా మింగకుండా ఆమె అన్నది అన్నట్టు చెప్పాడు. చెప్పి, మంచం అంచు పట్టుకున్నాడు.

"నేను తప్పు జెప్పిన లింబాద్రీ. ఖమరుద్దీన్ చెప్పిందే నిజం. నాకేం తెల్వకుంటనే చెప్పిన."

లింబాద్రి అతని వైపు జాలిగా చూశాడు.

"నువ్వెట్ల తప్పు జెప్తవే అన్నా. సిస్టరమ్మకే సమజై ఉండదు," అన్నాడు.

భూమయ్య కాదన్నాడు. మళ్లీ చెప్పాడు, ఇంకోలా చెప్పాడు, డాక్టర్ చూపించిన గుండె బొమ్మ గుర్తుచేసి చెప్పాడు. తనకు తెలిసిన వాదనలన్నీ వాడాడు. లింబాద్రి ఓపిగ్గా అన్నీ విని, నువ్వు ఉత్తగ మనసు ఖరాబు చేసుకోకు అన్నా అని అతని చేతి మీద చెయ్యి వేశాడు.