తాడు పట్టినవాడికి వాటా

మా చిన్నప్పుడు... బంతి కాలికి తగలాలంటే, ముందు చేతులు తాడు పట్టాలి.

బందరు ఒడ్డున అలివి వల లాగుతున్నారంటే, బడి లేని పూట మేమంతా అక్కడే. పడవ వలని సముద్రంలో చుట్టి వచ్చేది. దాని రెండు తాళ్ళ కొసలూ ఒడ్డున ఉండేవి. పెద్దవాళ్ళతో పాటు మేమూ వెనక్కి వెనక్కి నడుస్తూ లాగేవాళ్ళం. మడమలు ఇసకలో దిగబడేవి... పిక్కలు మండిపోయేవి...

వల ఒడ్డెక్కాక ఒకటే కట్టుబాటు. తాడు పట్టినవాడికి వాటా. ముసలివాడైనా, పిల్లాడైనా. మా నాన్న చర్చి పక్క సందులో టైలరు. మాకు పడవ లేదు, వల లేదు, అసలు మాది ఆ పల్లే కాదు. అయినా నా సత్తు గిన్నెలో గుప్పెడు నెత్తళ్ళు పడేవి. "నువ్వెవరి తాలూకురా?" అని ఒక్కరూ అడగలేదు.

చేపల పంపకం అయ్యాకే ఆట. తడి ఇసక మీద, ఒట్టి కాళ్ళతో. నేను గోల్‌కీపర్ని. మా బడిలో డ్రిల్లు మాస్టారు సైమన్ గారే మా కోచ్. ఇక పోతురాజు... వాడి గురించి ఎలా చెప్పను? బంతి వాడి కాలి దగ్గరికి పెంపుడు కుక్కలా వచ్చేది.

మేం హైస్కూల్లో ఉండగా నగరం నుంచి ఒక పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళు బందరు వచ్చారు. పేరు రాయను. భయపడి కాదు, వాళ్ళకి ఉచిత ప్రచారం ఎందుకని! కొత్తగా యూత్ అకాడమీ పెట్టారట. మా వైపు నుంచి ఒక్క కుర్రాడిని తీసుకుంటారట. హాస్టలు, తిండి, చదువు... ఆడగలిగితే జీవితాంతం ఆటే ఉద్యోగం.

పోతురాజు వాళ్ళమ్మ మంగమ్మ గారు రోజూ చేపల గంపతో గుడివాడ బస్సెక్కే మనిషి. ఆ రోజు బేరం మానుకుని, గ్రౌండ్ గట్టు మీద కూర్చున్నారు.

"ఆడు ఎల్లిపోతే నాకు సగం పేణం పోద్ది మాస్టారూ" అన్నారు సైమన్ గారితో. "ఎల్లకపోతే మొత్తం పోద్ది."

మమ్మల్ని రెండు జట్లు చేసి ఆడించారు. నేను పోతురాజుకి ఎదుటి జట్టులో పడ్డాను. అందుకే ఎదురుగా చూశాను. ఆట ముగియబోతుండగా వాడు ఇద్దరిని దాటుకుని నా మీదికొచ్చాడు. నేను ముందుకి దూకి బొక్కబోర్లా పడ్డాను. గోలు ఖాళీ... బంతిని ఊదినా వెళ్తుంది.

వాడు కొట్టలేదు. పక్కన పరిగెత్తుకొస్తున్న తన జట్టు కుర్రాడు బుల్లియ్యకి ఇచ్చాడు. బుల్లియ్య కొట్టాడు. గోలు!

మేం కేకలు పెడుతుంటే, ఎంపిక చేయడానికి వచ్చినాయన మాత్రం మొహం చిట్లించాడు.

"ఏరా, ఎందుకు కొట్టలేదు?"

"బుల్లియ్య పొద్దున్నుంచీ పరిగెడతానే ఉన్నాడండీ. బంతి ఒక్కపాలి కూడా అందలేదు. తాడు పట్టినోణ్ణి ఒట్టి గిన్నెతో పంపుతామాండీ?"

ఆయన నవ్వాడు. "ఖాళీ గోలు ముందు దానధర్మాలు చేసేవాడు ప్రొఫెషనల్ అవ్వడు మాస్టారూ. మీ వాడికి కాళ్ళున్నాయి, కసి లేదు."

"గోలు పడింది కదండీ! మరి మీకు ఏం కావాలండీ?" అని సైమన్ గారు అరిచారు. "దానం కాదది, వాటా!"

వినేవాడెవరు? వేరే కుర్రాడిని తీసుకుని వెళ్ళారు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, బాగా ఆడాడు. మంగమ్మ గారు ఖాళీ చేతులతో కొడుకు వెనకే నడిచి వెళ్ళారు...

"ఆయన పని ఆయన చేశాడు, ఇందులో తప్పేముంది?" అని కింద కామెంట్ పెట్టబోయే పెద్దమనుషులకి ఇక్కడే జవాబు. ఆ పని ఏమిటో చెప్పండి ముందు! పక్కవాడిని తోసేసి దూకితే ప్రతిభ, పక్కవాడిని చూసి ఆగితే చేతకానితనం... ఈ కొలబద్ద ఎవరు తయారు చేశారు? కలిసి లాగితే తప్ప పూట గడవని మనుషుల్ని పిలిచి, ఆ కలుపుగోలుతనాన్నే లోపమని రాసుకుని వెళ్ళడాన్ని ఎంపిక అంటారా?

ఇంతకాలం తర్వాత ఇదంతా ఎందుకంటే... మొన్న ఆ క్లబ్బు "మా అకాడమీ చరిత్ర" అని ఒక వీడియో వదిలింది. అందులో ఆ ఎంపిక రోజు వాళ్ళు తీసిన మా ఫోటో! ఒట్టి కాళ్ళతో మేమంతా, మధ్యలో పోతురాజు. "మట్టిలో మాణిక్యాల కోసం పల్లె పల్లెకీ వెళ్ళాం" అని వెనక గొంతు. పేర్లు లేవు. ఆ వెంటనే ఇప్పటి కోచ్ ఒకాయన వచ్చి, "మా పిల్లలకి మొట్టమొదట నేర్పేది బంతిని పంచుకోవడం" అంటాడు!

ఒళ్ళు మండిపోయింది. మీరు నేర్పుతున్నారా? మా వాడికి అది వచ్చనే కదరా మీరు వద్దన్నది!

పోతురాజుకి ఫోన్ చేశాను. ఇప్పుడు కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువులకి మేత వ్యాను నడుపుతున్నాడు. "ఊరుకోవద్దు. ఆ ఫోటో కింద నీ పేరు వేయించేదాకా వదలను" అన్నాను.

"నా ఒక్కడి పేరెందుకు బావా?" అన్నాడు నింపాదిగా. "ఏయిత్తే అందరియీ ఏయించు. బుల్లియ్యది ముందు. గోలు ఆడే కదా కొట్టాడు!"

ఇప్పటికీ పాసే ఇస్తున్నాడు...

ఆ ఒడ్డున ఇప్పుడు అలివి వల లేదు, రిసార్టు గొడుగులున్నాయి. తాడు లేదు, వాటా లేదు. ఉన్నదల్లా కసి... ఎక్కడ చూసినా కసి.

మీ ఊళ్ళోనూ బాగా ఆడి, పక్కవాడికి బంతి ఇచ్చినందుకు వెనక మిగిలిపోయినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ పేర్లు కింద రాయండి. ఒక్కరిది కాదు... జట్టు జట్టంతా రాయండి.